మున్నేటి లోయ: సరిహద్దులు, సాగు, కృష్ణా డెల్టా

ఉపోద్ఘాతం:
కృష్ణా డెల్టా ఆర్థిక చరిత్రను బెజవాడ ఆనకట్ట నిర్మాణంతో (1852–1855) ప్రారంభించడం పరిపాటి. కంకిపాడు పరిసరాల వరిసాగును, దాని వెంట వచ్చిన సంపదను, విద్యాసంస్కృతిని ఆ ఆనకట్ట ఫలితాలుగానే వివరిస్తుంటారు. కానీ ఆ కాలువలలో పారే నీటికి ఆనకట్టకు ఎగువన మరొక చరిత్ర ఉంది. అందులో మున్నేటి లోయ స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నైసర్గిక స్వరూపం:
మున్నేరు వరంగల్లు ప్రాంతంలోని పాకాల పరిసరాలలో పుట్టి, ఖమ్మం పట్టణం పక్కగా పారి, పెనుగంచిప్రోలు మీదుగా వచ్చి ఏటూరు వద్ద కృష్ణలో కలుస్తుంది. వైరా, కట్టలేరు దీనిలో కలిసే ఏళ్లు. ఇది వర్షాధారమైన ఏరు. వేసవిలో ఇసుక మేటలు తేలుతాయి. వానాకాలంలో ఒక్కసారిగా పొంగుతుంది. నల్లరేగడి నేలలలో పత్తి, మిరప ప్రధానం. చెరువుల కింద వరి. కంకిపాడు ఒండ్రునేలలో వరిదే పైచేయి. ఈ భేదం నేలను, నీటి వసతిని బట్టి వచ్చినదే కాని పాలకుల హద్దులను బట్టి వచ్చినది కాదు.

సరిహద్దుల చరిత్ర:
1766 నాటి ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. ఎగువ లోయ నిజాం రాజ్యంలో ఉండిపోగా, నందిగామ వైపు దిగువ భాగం కంపెనీ పాలనలోకి వచ్చింది. ఈ హద్దు సరళరేఖ కాదు. వజ్రపు గనుల నేల అయిన పరిటాల, చుట్టూ కంపెనీ భూమి ఉన్నా నిజాముకే మిగిలింది. అటు మునగాల పరగణా నిజాం భూభాగం మధ్యనే కృష్ణా జిల్లాకు చెందింది. 1956లో చెరిగిన హద్దు 2014లో రాష్ట్ర సరిహద్దుగా మళ్లీ ఏర్పడింది.

నీటి కట్టడాలు:
కాకతీయ గణపతిదేవుని కాలపు పాకాల చెరువు, నిజాం పాలనలో నిర్మించిన వైరా జలాశయం, బ్రిటిష్ పాలనలో పోలంపల్లి వద్ద కట్టిన ఆనకట్ట ఈ ఒక్క లోయలోనివే. పాలకులు వేరైనా ప్రయత్నం ఒకటే: నాలుగు నెలల ప్రవాహాన్ని ఏడాది సాగుకు నిలుపుకోవడం. ఏరు, వాగు, కుంట, అలుగు వంటి మాటలు హద్దుకు రెండువైపులా వాడుకలో ఉండటం ఈ ఏకత్వానికి భాషాపరమైన సాక్ష్యం.

డెల్టాతో సంబంధం:
మున్నేరు పులిచింతలకు దిగువన, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. కనుక పై జలాశయాల నుంచి నీరు రాని వేళ కూడా మున్నేటి వరద బ్యారేజీకి చేరి డెల్టా కాలువలకు అందివస్తుంది. ఖమ్మం మెట్టల మీద కురిసిన వాన కంకిపాడు నారుమడికి ఆదరువవుతుంది. ముప్పు కూడా ఈ దారినే వస్తుంది. 2023 జులైలో మున్నేటి వరద ఐతవరం వద్ద జాతీయ రహదారిని ముంచింది. 2024 సెప్టెంబరు ఆరంభంలో ఖమ్మం జలమయమైన రోజులలోనే ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది.

ముగింపు:
ఎగువ భాగాన్ని తెలంగాణ చరిత్రలోను, దిగువ భాగాన్ని సర్కారు చరిత్రలోను విడివిడిగా చదవడం వల్ల మున్నేరు రెండింటిలోనూ అంచున మిగిలిపోయింది. పరివాహక ప్రాంతాన్ని ప్రమాణంగా తీసుకుంటే పాకాల చెరువు, పోలంపల్లి ఆనకట్ట, కంకిపాడు కాలువ ఒకే కథలోని ఘట్టాలవుతాయి. నీటి పంపకం రెండు రాష్ట్రాల వివాదంగా మారిన ఈ కాలంలో ఆ కథను కలిపి చదవడం చరిత్ర రచనకు తప్పనిసరి.