గుర్రపు శూల – బైతారు విద్య

రాచర్ల, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలలో గుర్రమంటే ఇప్పుడు పెళ్లి ఊరేగింపో, వెనుకటి జట్కాబండియో గుర్తుకు వస్తుంది. కాకతీయుల కాలంలో సంగతి వేరు. వారి అధికారం ఈ సీమకు విస్తరించినదనుటకు త్రిపురాంతకం శాసనాలే సాక్ష్యం. ఆనాడు సైన్యానికి గుర్రమే ప్రాణం. మేలుజాతి అశ్వాలు అరేబియా, పారశీక తీరాల నుండి ఓడలపై రావలసి ఉండేది. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున విదేశీ వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు.

13వ శతాబ్ది చివర మోటుపల్లిని వర్ణించిన మార్కోపోలో, దానికి దక్షిణాన ఉన్న మాబార్ తీరం గురించి ఒక వింత చెప్పాడు. ఏటా వేలకొద్దీ గుర్రాలు కొన్నా, సంవత్సరం తిరిగేసరికి బ్రతికేవి స్వల్పమట. అక్కడ గుర్రపు వైద్యులు లేరు. అమ్మకం తగ్గుతుందని వర్తకులే వారిని రానివ్వరట. ఆ వర్తకులలో అధికులు ముస్లింలే. ఇది వినికిడి మాట కావచ్చు, కాని దాచవలసిన మాట కాదు.

పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ మరికొంత వివరించాడు. దిగిన గుర్రాలకు పచ్చి బార్లీకి బదులు వేయించిన బార్లీ, వెన్న కలిపిన దాణా, కాచిన ఆవుపాలు పెట్టేవారట. నలభై దినాలు మేకులకు కట్టివేసి బలిపించి, ఆ పైన ఒక్కసారిగా స్వారీ చేసేవారట. అవన్నీ శూలతోనే చచ్చాయనడం సాహసమే అవుతుంది. కాని మేత హఠాత్తుగా మారడం, కదలిక లేకపోవడం, నీరు చాలకపోవడం – గుర్రపు కడుపునొప్పికి నేటి పశువైద్యులు చెప్పే ముఖ్య కారణాలు ఇవే.

గుర్రం వాంతి చేసుకోలేదు. దాని పెద్దప్రేగు ఒకచోట వెనుకకు మడిచినట్లు వంగి, సన్నబడుతుంది. ముదురు చొప్ప, అరిగిన పళ్లతో సరిగా నమలని మేత, నీరు చాలక ఎండి, అక్కడే గడ్డకట్టుకుంటుంది. అప్పుడు గుర్రం దాణా వదలి, కాలితో నేల గీరుతూ మాటిమాటికి డొక్కవైపు చూస్తుంది, పడుకుని లేస్తుంది. లద్ది తగ్గి, చిన్న ఎండు ఉండలుగా పడుతుంది. వైద్యుడు చిగుళ్ల రంగు చూసి, ప్రేగుల శబ్దం విని, గుండె వేగం లెక్కిస్తాడు. నెమ్మదిగా ఉన్నప్పుడు అది నిమిషానికి 28 నుండి 44 వరకు ఉంటుంది. 60 దాటి పెరుగుతుంటే ప్రమాదం. ఆసనం ద్వారా చేయి పెట్టి చూస్తే పిండిముద్దవంటి గడ్డ తగులుతుంది.

బాగ్దాదులో 9వ శతాబ్దిలోనే ఇబ్న్ అఖీ హిజామ్ అశ్వవైద్యంపై గ్రంథం వ్రాశాడు. 14వ శతాబ్దిలో ఈజిప్టు సుల్తాను నాసిర్ కొలువులో అబూబకర్ అల్ బైతార్ మరొకటి రచించాడు. ప్రేగుశూలకు యునానీ హకీములు వాడే ‘కూలంజ్’ అన్న మాట, ‘బైతార్’ అన్న మాట రెండూ గ్రీకు నుండి అరబ్బీకి వచ్చినవే. ఉర్దూలో గుర్రపు వైద్యుని ‘సాలోత్రి’ అనడం సంస్కృత శాలిహోత్రుని పేరు నుండి. షాజహాను కాలంలో శాలిహోత్ర శాస్త్రాన్ని ఫారసీలోకి తెచ్చినవాడు అబ్దుల్లా ఖాన్ ఫిరోజ్ జంగ్. ఓడ ఎక్కనివ్వని విద్య పుస్తకాలలో సరిహద్దులు దాటింది!

మద్రాసు పశువైద్య కళాశాల 1903లో, తిరుపతిది 1955లో నెలకొన్నాయి. గుర్రానికి నోట గొట్టం పెట్టి నూనె పోయడం పాత పద్ధతి. అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణమే పోతుంది. వైద్యుడు ముక్కు ద్వారా కడుపులోకి గొట్టం దింపి, లోపల ద్రవం నిలిచి లేదని తేల్చుకున్న తరువాతనే నీరు, లవణాలు, భేదిమందు పోస్తాడు. నొప్పికి సూది, అవసరమైతే నరం ద్వారా సెలైను ఇస్తాడు. గడ్డ కదిలి లద్ది పడేవరకు మేత ఉండదు. నొప్పి లొంగకపోతే శస్త్రచికిత్సే మార్గం. దానికి ఊరి నుండి చాలా దూరం పోవాలి. అందుకే లద్ది తగ్గిన పూటనే కబురు చేయాలి.