ప్యానెల్ సిండికేట్

ప్రచురణకర్తతో పని లేకుండా కామిక్స్ సృష్టికర్తలు తమ పుస్తకాలను నేరుగా పాఠకులకు అందించే వెబ్‌సైట్. అమెరికన్ రచయిత బ్రయాన్ కె. వాన్, స్పెయిన్ చిత్రకారుడు మార్కోస్ మార్టిన్ 2013 మార్చిలో ‘ది ప్రైవేట్ ఐ’ తొలి సంచికతో దీన్ని మొదలుపెట్టారు. రంగులు ముంట్సా విసెంటేవి.

ధర పాఠకుడి ఇష్టం. గడిలో తోచిన అంకె వేయవచ్చు. సున్నా వేసినా సంచిక డౌన్‌లోడ్ అవుతుంది. ఫైలుకు తాళాలేవీ ఉండవు. పాఠకుణ్ణి దొంగలా అనుమానించకుండా నమ్మడమే ఈ పద్ధతికి ప్రాణం. ‘ది ప్రైవేట్ ఐ’ పేజీలను నిలువుగా కాక అడ్డంగా గీశారు. అందువల్ల బొమ్మ కంప్యూటర్ తెరంతా పరుచుకుంటుంది, చదివేవారు పైకీ కిందికీ జరపనక్కర్లేదు. తెర కోసమే ఆలోచించి గీసిన పని ఇది, అచ్చు పుస్తకానికి నకలు కాదు.

‘ది ప్రైవేట్ ఐ’ కథాకాలం 2076. అందరి రహస్యాలూ ఒక్కసారిగా బయటపడి, ఇంటర్నెట్ కనుమరుగై, జనం ముసుగులు వేసుకుని తిరిగే లోకం. పది సంచికలతో 2015లో ముగిసిన ఈ కామిక్ అదే ఏడు ఐస్నర్ అవార్డు గెలుచుకుంది. ఆల్బర్ట్ మోంటెయ్స్ కామిక్ ‘యూనివర్స్!’ కూడా ఈ వెబ్‌సైట్‌లోనే వెలువడింది.

‘ది ప్రైవేట్ ఐ’ని తర్వాత ఇమేజ్ కామిక్స్ సంస్థ అచ్చువేసింది, అడ్డం పుస్తకంగానే.