సిట్రులినేషన్ – రుమటాయిడ్ ఆర్థరైటిస్

ప్రోటీన్‌లోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం సిట్రులిన్‌గా మారడమే సిట్రులినేషన్. కాల్షియం సాయంతో పీఏడీ ఎంజైములు ఈ మార్పు తెస్తాయి. ఆ చోట ధనావేశం పోయి, ప్రోటీన్ ఆకృతి మారే వీలుంటుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాపు వ్యాధి ఉన్న చాలామందిలో రోగనిరోధక వ్యవస్థ ఇలా మారిన సొంత ప్రోటీన్లను పరాయివిగా ఎంచి యాంటీబాడీలు తయారుచేస్తుంది. కీళ్లనొప్పులు మొదలవడానికి ఏళ్ల ముందే ఇవి కొందరి రక్తంలో కనిపిస్తాయి. కనుక వీటిని కీళ్ల వాపు మిగిల్చిన ఆనవాళ్లుగా కొట్టిపారేయలేం. ఈ వ్యాధికి 2010 నాటి అంతర్జాతీయ వర్గీకరణ ప్రమాణాల్లో ఈ యాంటీబాడీల పరీక్షకూ చోటుంది.

సిట్రులినేషన్ ఆరోగ్యవంతుల చర్మంలోనూ, ఇతర వ్యాధుల వాపుల్లోనూ జరిగేదే కదా, దాన్నెలా తప్పుపడతామన్న అభ్యంతరం సబబే. అయితే లోపం ఆ మార్పులో లేదు, శరీరం దాన్ని సహించలేకపోవడంలో ఉంది. హెచ్ఎల్ఏ-డీఆర్‌బీ1 జన్యువు రూపాల్లో కొన్ని, సిట్రులిన్ ఉన్న ప్రోటీన్ ముక్కలను రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు తేలిగ్గా చూపుతాయి. ఆ రూపాలున్నవారికి పొగతాగే అలవాటు తోడైతే, ఈ యాంటీబాడీలతో కూడిన వ్యాధి ముప్పు బాగా పెరుగుతుంది. యాంటీబాడీలు లేకుండానే వ్యాధి బారిన పడేవారూ ఉన్నారు కాబట్టి, వ్యాధికి ఇదొక్కటే దారి కాదు. సిట్రులినేషన్ రోగనిరోధక దాడికి లక్ష్యాన్ని మాత్రమే సమకూరుస్తుంది. ఆ దాడి మొదలవడానికి జన్యువులూ పరిసరాలూ కలిసిరావాలి.