స్పర్శజ్ఞానము - దాని చరిత్ర

వంటయింట పొయ్యిమీది గిన్నెకు చేయి తగిలినంతనే, కాలినదను తలంపు మనస్సునకు రాకమునుపే చేయి వెనుకకు వచ్చును. ఈ చిన్న సంగతి ప్రతిగృహమునను ప్రతిదినము జరుగుచున్నదే గాని, ఇది యెట్లు జరుగుచున్నదని విచారించువారు అరుదు. వేడి గిన్నెయందున్నది, తెలివి తలయందున్నది. ఈ రెంటి నడుమ వార్తను గొనిపోవునదేది? ఆ వార్త యే భాషలో నుండును? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము దొరకుటకు మూడువందల యేండ్లకు పైగా పట్టినది. ఆ సమాధానము తెలియని కాలమున కొందరు నిర్భాగ్యులకు జరిగిన యన్యాయమును గూడ ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

స్పర్శేంద్రియము చర్మమంతటను వ్యాపించియున్నదనియు, అది వాయుసంబంధమైనదనియు మన నైయాయికులు చెప్పిరి. పరీక్షాసాధనములు లేని కాలమున అంతకు మించి చెప్పుట దుస్సాధ్యము. ఫ్రాన్సుదేశపు తత్త్వవేత్త డేకార్టు మరణించిన పిమ్మట 1664లో ఫ్రెంచిభాషయందు వెలువడిన యాయన గ్రంథమున, జ్ఞానతంతువు గంటకు కట్టిన త్రాటితో పోల్చబడినది. కాలికి నిప్పు సోకిన త్రాటి కొన లాగబడును. తలలో గంట మ్రోగును. ఉపమానము సొగసైనదే కాని నిజము కాదు. జ్ఞానతంతువు లాగబడదు.

1826లో జర్మనీదేశపు శారీరశాస్త్రజ్ఞుడు యోహానెస్ మ్యూలరు మరియొక విశేషమును వెల్లడించెను. కన్ను మూసికొని రెప్ప ప్రక్కను వ్రేలితో మెల్లగా నొక్కిన, చీకటిలో సైతము వెలుగు కనబడును. తాకినది వ్రేలు; తోచినది వెలుగు! కాబట్టి మనకు కలుగు అనుభవము బయటి వస్తువును బట్టి గాక, వార్తను దెచ్చిన తంతువును బట్టి యుండునని ఆయన సిద్ధాంతీకరించెను. అయితే ఆ వార్త నడచు వేగమును కొలుచుట మనుష్యులకు సాధ్యము కాదని యాయన తలచెను. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్జు 1850లో కప్పకాలి తంతువును పరీక్షించి, వేగము సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చెను. గురువు అసాధ్యమన్నదానిని శిష్యుడు సాధించుటయే విద్యాభివృద్ధికి మార్గము గదా!

1880 తరువాతి సంవత్సరములలో స్వీడనుదేశీయుడు బ్లిక్సు చర్మమును చుక్కచుక్కగా పరీక్షించి, చల్లదనమును తెలుపు చుక్కలు వేరు, వెచ్చదనమును తెలుపు చుక్కలు వేరని చూపెను. ఒక్కటే యనుకొన్న స్పర్శ పలు శాఖలుగలదని యిట్లు తేలినది.

ఇక వార్త యొక్క భాష మిగిలినది. దీనిని చదివినవాడు కేంబ్రిడ్జి పండితుడు ఎడ్గార్ ఏడ్రియన్. తంతువులలోని విద్యుత్స్పందనములు మిక్కిలి స్వల్పమగుటచే, రేడియో యంత్రములలో వాడు వాల్వుల సాయమున వానిని పెద్దవి చేసి చూచెను. 1926లో ఆయనయు, స్వీడనునుండి వచ్చిన జోటర్మన్‌యు కప్ప కండరమునకు చిన్న బరువులను కట్టి, ఒక్క తంతువునందలి స్పందనములను లెక్కించిరి. బరువు హెచ్చినపుడు స్పందనము పెద్దది కాలేదు. స్పందనముల సంఖ్య హెచ్చినది. అనగా ఈ దూత స్వరమును పెంచడు. పిలుపులను త్వరత్వరగా పంపును. బరువు మారక యున్నచో పిలుపులు క్రమముగా తగ్గును. ఉదయము తొడిగిన గాజుల స్పర్శ కొంతసేపటికే మనకు తెలియకపోవుటకు ఇట్టి తగ్గుదలయు నొక కారణము. ఈ కృషికై ఏడ్రియన్ 1932లో షెరింగ్టన్‌తో కలిసి నోబెల్ బహుమానమును పొందెను.

వేడి, ఒత్తిడి మొదట విద్యుత్తుగా మారు ద్వారమేది? 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందము మిరపకాయ కారమునకు మూలమైన క్యాప్సైసిన్‌తో శోధించి, తంతువు పొరయందొక మాంసకృత్తును కనుగొన్నది. ఆ ద్వారము కారమునకు తెరచుకొనును; సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడికిని తెరచుకొనును. తెరచుకొన్నంతనే విద్యుదావేశముగల కణములు లోనికి వచ్చును. వాని ప్రభావము ఒక మేరను మించినచో స్పందనములు బయలుదేరును. కారము తిన్నపుడు నోరు మండుచున్నదనుట కవుల యలంకారము కాదు, తంతువు పలికిన మాటయే. 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందము ఒత్తిడికి తెరచుకొను ద్వారములను గుర్తించినది. వీరిరువురికి 2021లో నోబెల్ బహుమానము లభించినది.

పాఠకులారా, ఈ ద్వారములును తంతువులును పాడైనచో ఏమగును? మనవారు పెద్దరోగమని భయముతో పలుకు కుష్ఠము దానికి సాక్ష్యము. ఈ రోగమునకు క్రిమి కారణమని నార్వేదేశమున హాన్సెన్ 1873లోనే కనుగొనెను. అయినను రోగి వ్రేళ్లు కుళ్లి రాలిపోవుననియు, అది పాపఫలమనియు జనులు నమ్ముచునే వచ్చిరి. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు రోగుల చేతులను ఓపికతో పరిశీలించెను. క్రిమి సోకుటచే జ్ఞానతంతువులు చెడును, నొప్పి తెలియదు. నొప్పి తెలియనందున రోగి కాగుచున్న పాత్రను విడువడు, ముల్లు గ్రుచ్చుకొన్నను నిలువడు. వ్రేళ్లు పోవుటకు ముఖ్యకారణము ఇట్లు తెలియక తగిలిన గాయములే యని ఆయన చూపెను. మనము శాపమని తిట్టుకొను నొప్పి రాత్రింబవళ్లు మనలను కాచు కావలివాడు. ఆ కావలివానిని పోగొట్టుకొన్నవానికి మనమిచ్చినది ఊరి వెలుపలి గుడిసె!

శాస్త్రము చెప్పినంత వేగముగా చట్టము వినలేదు. దిక్కులేని కుష్ఠరోగులను నిర్బంధించుటకు 1898లో చేసిన శాసనము 2016 వరకు రద్దు కాలేదు. భార్యకుగాని భర్తకుగాని కుష్ఠము సోకినదను కారణముచే వివాహమును రద్దుపరచు వీలును మన పార్లమెంటు 2019లో తొలగించినది. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధచికిత్సచే ఈ రోగము కుదురును. మన ప్రభుత్వ వైద్యశాలలలో ఆ మందులకు వెల లేదు.

శాసనము మారినను గృహము మారవలసియున్నది. ఇంట ఎవరి మేనిపైనైనను రంగు తగ్గిన మచ్చ కనబడి, అచ్చట స్పర్శ తెలియకున్నచో, దాచక, ఏడ్వక, వెంటనే వైద్యునికి చూపవలెను. తంతువు పూర్తిగా చెడకమునుపే మందు పడినచో చేతులు నిలుచును. ఆలస్యమునకు ముఖ్యకారణములలో నొకటి సిగ్గు. ఆ సిగ్గును కలిగించినది మనమే. చర్మమున స్పర్శ నశించుట రోగము, దానికి మందున్నది. తోడివాని దుఃఖము సోకినను చలింపని హృదయమునకు మందు ఏ వైద్యశాలయందును దొరకదు. దానిని మన యిండ్లలోనే సిద్ధపరచుకొనవలెను.