నాలుగు ఎకరాల తల్లి: చిట్యాల ఐలమ్మ జీవితం, మరణం

మన సంఘ సభ్యులలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే. పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో, రైల్వేలోనో, ప్రభుత్వ కార్యాలయాలలోనో ముప్పయ్యేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నా, మన వెనుక ఒక పొలం ఉంది. ఆ పొలం వెనుక ఒక తల్లి ఉంది. పట్టాలో తండ్రి పేరో, తాత పేరో ఉంటుంది. నాట్లు వేసి, కలుపు తీసి, కళ్ళంలో చేటతో తూర్పారబట్టి, మరుసటి ఏటి విత్తనాలను గాదెలో దాచిన తల్లి పేరు మాత్రం ఏ కాగితంలోనూ కనిపించదు. జనాభా లెక్కలవారు వచ్చి "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని అడిగితే "ఇంట్లోనే ఉంటారండీ" అని చెప్పిన ఇళ్ళే ఎక్కువ.

అటువంటి రైతు ఇల్లాళ్ళలో పేరుతో సహా చరిత్రకెక్కినవారు బహు కొద్దిమంది. వారిలో ముందుగా చెప్పుకోదగినవారు తెలంగాణకు చెందిన చిట్యాల ఐలమ్మ. లోకానికి ఆమె చాకలి ఐలమ్మ. వీరనారి అని ఆమెకు విగ్రహాలు పెట్టుకున్నాం, జయంతులు జరుపుకుంటున్నాం. మంచిదే. కాని ఆ వీరనారి వెనుక ఉన్న కౌలు రైతు ఇల్లాలు, పిల్లల తల్లి మరుగున పడిపోకూడదు. ఆమె పోరాటం మొదలైంది రాజ్యం కోసం కాదు. చేతికి వచ్చిన పంట తన ఇంటికి చేరాలని.

పుట్టిల్లు, మెట్టిల్లు

ఐలమ్మ 1895 సెప్టెంబరు 26న జన్మించారు. పుట్టినూరు కృష్ణాపురం. అది ఇప్పటి వరంగల్ జిల్లా రాయపర్తి మండలంలో ఉంది. చిన్న వయసులోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహతో వివాహమైంది. పాలకుర్తి అంటే సాహిత్యం తెలిసినవారికి పాల్కురికి సోమనాథుడు గుర్తుకు వస్తాడు. హలం పట్టి భాగవతం రాశాడని జనం చెప్పుకునే పోతన గారి బమ్మెర కూడా ఆ చేరువలోనిదే. ఐలమ్మ కాలంలో ఆ ప్రాంతం నిజాం రాజ్యంలో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఇప్పుడు పాలకుర్తి జనగామ జిల్లాలో మండల కేంద్రం.

నరసింహ, ఐలమ్మ దంపతులకు కొడుకులు, ఒక కూతురు కలిగారు. కులవృత్తి బట్టలు ఉతకడం. ఆ రోజులలో తెలంగాణ పల్లెలలో వృత్తి అంటే బతుకుతెరువు మాత్రమే కాదు, వెట్టి కూడా. దొర ఇంటికీ, ఊరి అధికారుల ఇళ్ళకూ, ఊళ్ళో మకాం వేసిన సర్కారు ఉద్యోగులకూ కూలి లేకుండా చాకిరీ చేయాలి. బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి, మకాం ఉన్నచోటికి మంచాలు మోయాలి, కారం, పసుపు దంచిపెట్టాలి. పిలిచిన వెంటనే వెళ్ళాలి. ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తోందంటే వినేవాడు లేడు.

ఈ వెట్టి నుంచి బయటపడాలంటే ఒకటే దారి: సొంతంగా సేద్యం. ఐలమ్మ కుటుంబం ఆ దారి పట్టింది. మల్లంపల్లి భూస్వామి దగ్గర నలభై ఎకరాలు కౌలుకు తీసుకున్నారు. అందులో నాలుగు ఎకరాలు సాగులోకి తెచ్చారు. ఉతికే చేతులు నాగలి పట్టడం ఆ ఊళ్ళో పెద్ద విషయమే. తరతరాలుగా ఒకరి పొలం మీద పండిన గింజలను మేరగా అడిగి తెచ్చుకున్న కుటుంబం, తన కళ్ళంలో తాను కుప్ప వేయడం మొదలుపెట్టింది. ఊరి పెద్దలకు కంటగింపు కలిగించినది అదే.

దొర కన్ను

పాలకుర్తికి దగ్గరలోనే విసునూరు. అక్కడి దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి. ఆయన కింద నలభై వేల ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణ పోరాటంపై రాసిన గ్రంథంలో పేర్కొన్నారు. నలభై వేల ఎకరాలవాడికి నాలుగు ఎకరాలు ఒక లెక్కా? భూమి లెక్క కాదు అది, మాట లెక్క. తన అనుమతి లేకుండా ఒక చాకలి కుటుంబం సేద్యగాళ్ళుగా నిలబడితే, రేపు ఊరంతా నిలబడుతుంది.

అప్పటికే ఊళ్ళలో ఆంధ్ర మహాసభ సంఘాలు వెలుస్తున్నాయి. 1944లో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన మహాసభ తరువాత సంఘం పల్లెపల్లెకూ పాకింది. వెట్టి చేయనక్కరలేదని, అక్రమ వసూళ్ళు ఇవ్వనక్కరలేదని ఊరి నడుమ నిలబడి చెప్పేవారు వచ్చారు. ఐలమ్మ కుటుంబం సంఘంలో చేరింది. ఊరి పట్వారీ తన పొలంలో ఊరికే పని చేయమంటే ఆ కుటుంబం కాదన్నది. కబురు విసునూరు గడీకి చేరింది. ఆమె భర్తనూ, కొడుకులనూ కేసులలో ఇరికించి జైలుపాలు చేశారు. భూమి తనదేనని దేశ్‌ముఖ్ కాగితాలు పుట్టించాడు. వ్యవహారం కోర్టుకు ఎక్కింది. ఐలమ్మ పక్షాన న్యాయవాదిగా కొండా లక్ష్మణ్ బాపూజీ వాదించారు. చదువురాని ఒక కౌలు రైతు ఇల్లాలు అంతటి దొర మీద కేసు గెలవడం ఆ తాలూకాలో ఎన్నడూ విననిది.

మన రెవెన్యూ శాఖ మిత్రులకు తెలిసిన సంగతే: కోర్టు తీర్పు ఒకటి, పొలంలో పంట మరొకటి. తీర్పు కాగితం మీద ఉంటుంది; పంట ఎవరు కోసుకుంటే వారిది అవుతుంది. దేశ్‌ముఖ్‌కూ అది తెలుసు.

కోత రోజు

వరి కోతకు వచ్చింది. పంటను ఎత్తుకు రమ్మని దేశ్‌ముఖ్ తన మనుషులను పంపాడు. వంద మంది గూండాలు, కోయడానికి మరో వంద మంది కూలీలు అని సుందరయ్య గారు రాశారు. ఎదుట నిలిచింది ఇరవై ఎనిమిది మంది సంఘం వాలంటీర్లు, చేతుల్లో కర్రలతో. భీమిరెడ్డి నరసింహారెడ్డి, నల్లా నరసింహులు వంటి నాయకులు ఆ పోరులో ముందున్నారు. నినాదాలిస్తూ కదిలిన ఆ కొద్దిమందిని చూసి దొర మనుషులు పారిపోయారు. పంట కోసి, మోపులు కట్టి, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. తరువాత పోలీసులు వచ్చినా ఆ ధాన్యంలో ఒక్క గింజ కూడా పట్టుకుపోలేకపోయారు. నాయకులను మాత్రం అరెస్టు చేసి చిత్రహింసలు పెట్టారు.

చూడటానికి చిన్న సంఘటన. నాలుగు ఎకరాల ధాన్యం ఎన్ని పుట్లు అవుతుంది? కాని తెలంగాణలో దొర మాట చెల్లకుండా పోయిన మొదటి కోతలలో అది ఒకటి. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు దానిని కళ్ళారా చూశారు. కౌలుదారుకు కొంత రక్షణ ఇస్తూ నిజాం ప్రభుత్వం 1945లో ఆసామీ షిక్మీ చట్టం తెచ్చింది గాని, చట్టం చేయలేని పనిని కర్రలు పట్టిన ఆ ఇరవై ఎనిమిది మంది, పొలం వదలని ఆ తల్లి చేశారు. 1946 జూలై 4న పక్కనున్న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించాడు. ఆపైన జరిగిన సాయుధ పోరాటం అందరికీ తెలిసినదే.

తల్లి చెల్లించిన మూల్యం

పంట దక్కింది గాని దాని ధర ఎక్కువైంది. పొలంలో ఓడినవాళ్ళు ఇంటి మీద పడ్డారు. ఐలమ్మ ఇంటిని దోచుకుని తగలబెట్టారు. ఆమె కూతురిపై అత్యాచారం చేశారు. మగవాళ్ళు జైలులో ఉన్నప్పుడు పొలం, ఇల్లు, కోర్టు వాయిదాలు అన్నీ ఆమె మీదనే పడ్డాయి. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళు. మనవలను ఎత్తుకుని అరుగు మీద కూర్చోవలసిన వయసు.

ఆమె కొడుకులు పట్వారీ ఇంటిని కూలగొట్టి, ఆ చోట మొక్కజొన్న వేశారని పాలకుర్తి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రతీకారం కూడా పంటగానే మొలవడం రైతు కుటుంబాలలో జరిగే విషయం.

ఇంత జరిగినా ఐలమ్మ ఆ భూమిని విడిచిపెట్టలేదు. రాజీకి రాలేదు. వీరత్వం అంటే ఒక రోజు కర్ర పట్టడం కాదని ఆమె జీవితం చూస్తే తెలుస్తుంది. కాలిన ఇంటి బూడిద ఎత్తిపోసి, మళ్ళీ పొయ్యి వెలిగించి, మళ్ళీ వానకాలం రాగానే నారు పోయడం అంతకంటె పెద్ద వీరత్వం. ఆ రెండో పని గురించి ఎవరూ పాటలు కట్టరు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం రాజ్యం అంతరించింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చి, రక్షిత కౌలుదారు అనే మాట రికార్డులకెక్కింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. ఆ పోరాటంలో నాలుగు వేల మంది ప్రాణాలు కోల్పోయారని, పది లక్షల ఎకరాలు పంచారని సుందరయ్య గారి లెక్క. ఆ పది లక్షల ఎకరాల వెనుక ఐలమ్మ నాలుగు ఎకరాలూ ఉన్నాయి.

మరణం, ఆ తరువాత

పోరాటం ముగిశాక నాయకులలో కొందరు శాసనసభకూ, పార్లమెంటుకూ వెళ్ళారు. ఐలమ్మ పాలకుర్తిలోనే ఉండిపోయారు. పదవి లేదు. 1985 సెప్టెంబరు 10న, తొంభయ్యవ ఏడు నిండడానికి పదహారు రోజులు ఉండగా, కన్ను మూశారు.

ఆమె బతికి ఉండగా స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆమె మాటలను ఆమె నోటనే విని రాసుకున్నారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలతో "మనకు తెలియని మన చరిత్ర" అనే పేరుతో ఆ పుస్తకం 1986లో వెలువడింది. అప్పటికి ఆమె లేరు. ఆ కొద్దిమంది ఓపికగా వెళ్ళి అడగకపోతే, ఐలమ్మ గురించి మనకు మిగిలేది ఇతరులు రాసిన నాలుగు వాక్యాలే. గౌరవాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇప్పుడు ఆమె జయంతిని తెలంగాణ ప్రభుత్వం అధికారికంగా జరుపుతోంది. 1924లో మొదలైన హైదరాబాదు కోఠీ మహిళా కళాశాల విశ్వవిద్యాలయంగా మారాక, 2024లో దానికి ఆమె పేరు పెట్టారు. బడి గడప తొక్కని తల్లి పేరు మీద ఆడపిల్లలు పట్టాలు పుచ్చుకుంటున్నారు.

ఇక్కడ ఒక తేదీని గమనించమని సభ్యులను కోరుతున్నాను. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన హిందూ వారసత్వ సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అంటే ఐలమ్మ చనిపోవడానికి సరిగ్గా అయిదు రోజుల ముందు. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు ఆ చట్టం వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణతో ఆ భేదం పోయింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు కూతురిదేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. నాలుగు ఎకరాల కోసం ఒక తల్లి కాలిన ఇంటిని కూడా సహించిన రోజుల నుంచి చట్టం ఇక్కడికి రావడానికి డెబ్బయి అయిదేళ్ళు పట్టింది.

యారాడ మొదలు గాజువాక దాకా, కొండకూ సముద్రానికీ నడుమ ఉన్న మన ఊళ్ళలో భూమి విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఆ కర్మాగారం కోసం పొలాలు ఇచ్చిన కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. భూసేకరణ కాగితాలు వెతికేది పట్టాదారు పేరునే. ఆ పొలంలో నలభై ఏళ్ళు నడుము వంచిన ఇల్లాలి పేరు అడిగిన కాగితం లేదు.

మనకు ప్రతి నెలా ఒకటో తేదీకి పెన్షను వస్తుంది. మన తరువాత మన ఇల్లాలికి కుటుంబ పెన్షను ఉంది. రైతు ఇల్లాలికి భూమే పెన్షను. అందుచేత పెద్దలైన మనం చేయగలిగిన పనులు రెండున్నాయి. ఊళ్ళో ఇంకా మిగిలిన చెక్క ఉంటే, దస్తావేజులలో కూతుళ్ళ పేర్లు, ఇల్లాలి పేరు రాయించడం ఒకటి. మన ఇళ్ళలో తొంభై ఏళ్ళ తల్లులు ఇంకా ఉంటే, వారు ఏ పొలంలో ఏ పంట వేశారో, ఏ కరువులో ఏ నగ అమ్మి విత్తనాలు కొన్నారో అడిగి, మనవల చేత ఒక నోటు పుస్తకంలో రాయించడం రెండోది. ఐలమ్మ దగ్గరకు అడగడానికి ఎవరో వెళ్ళారు కనుక ఆమె మనకు మిగిలారు. మన తల్లుల దగ్గరకు వెళ్ళవలసినవారం మనమే.