ఒక్క అరుగు - పలు పాఠములు

సంధ్యాదీపము పెట్టిన పిమ్మట మన యిండ్లలో తరచుగా కనబడు దృశ్యమొకటి కలదు. పెద్దవాడు లెక్కలు చేయుచుండును. నడిమి పిల్ల పాఠమును కూడబలుకుకొని చదువుచుండును. చిన్నవాడు పలకపై గీతలు గీయుచు, నడుమ నడుమ అన్న పుస్తకమును లాగుచుండును. తల్లి మాత్రము ఒక్కతె. ఎవరి ప్రక్కన కూర్చుండవలెనో ఆమెకు తోచదు. పగలంతయు ఉప్పుమళ్ళలో ఎండకెండి వచ్చిన తండ్రి కొంతసేపు చూచి, "అన్నకు వచ్చిన చదువు తమ్మునికి రాదేమి?" అని యొక ప్రశ్న వేసి లేచిపోవును. నౌపడలో నా బాల్యమున ఆ ప్రశ్నను నేను పలుమారులు వింటిని. అది మా యింట పుట్టిన ప్రశ్న కాదనియు, మిక్కిలి ప్రాచీనమైనదనియు తరువాత తెలిసినది.

భారతమున ద్రోణుని కథ అందరెరిగినదే. పాండవులు అయిదుగురు అన్నదమ్ములు, గురువొక్కడు. ధర్మరాజు రథయుద్ధమునందును, భీముడు గదయందును, అర్జునుడు వింటియందును, కవలలు ఖడ్గమునందును ఆరితేరిరి. విద్య వేరువేరుగా వచ్చినది. కాని చెట్టుమీద పక్షిని నిలిపి పెట్టిన పరీక్ష మాత్రము అందరికిని ఒక్కటియే! ధర్మరాజు చెట్టును, గురువును, తమ్ములను గూడ చూచుచున్నానని చెప్పి తప్పిపోయెను. రాజు కావలసినవానికి అందరును కనబడుట దోషమా? ఈ సందేహము నాకు నేటికిని తీరలేదు. పంచతంత్రములోని విష్ణుశర్మ ముగ్గురు రాజకుమారులను ఆరు నెలలలో నీతివేత్తలను చేసెనందురు. ముగ్గురిలో ఎవనికి ముందు పట్టుబడెనో, ఎవని వద్ద కథ రెండుమారులు చెప్పవలసివచ్చెనో ఆ గ్రంథకర్త వ్రాయలేదు. ఇంట చదువు చెప్పువారికి కావలసినది అదియే గదా.

పురాణమును విడిచి చరిత్రకు వత్తము. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానిలోని బడుల లెక్క తీయించెను. 1826 మార్చి 10వ తేదీన ఆయన వ్రాసిన నివేదిక ననుసరించి, కోటి 28 లక్షల జనులకు 12,498 బడులు ఉండెను. అప్పుడు టెక్కలి ప్రాంతము గంజాం జిల్లాలోనిది. ఆ జిల్లా నుండి వచ్చిన లెక్క 255 బడులు, 2,977 మంది విద్యార్థులు. బడికి సగటున పండ్రెండుగురైనను లేరు. అనగా బడియనునది పెద్ద కుటుంబము వంటిదే. ఒక అరుగు, ఒక పంతులు, అయిదేండ్ల వాడు మొదలు పదునైదేండ్ల వాని వరకు పిల్లలు. ఈ 2,977 మందిలో బాలికలు 12 మంది మాత్రమే. ఈ అంకెను మరల తలంపవలసి యుండును.

మన్రో ఇంటి చదువును గూడ మరువలేదు. మద్రాసు పట్టణములో ఇండ్లలో చదువుకొను బాలురు 26,000 మందికి పైగా కలరని ఆయనకు లెక్క వచ్చెను. ఇది బడికి పోవువారికి సుమారు అయిదు రెట్లు. అంతటి సంఖ్యను ఆయనయే శంకించెను గాని, తండ్రియో, బంధువులో, ఇంటి పంతులో చదువు చెప్పుట అప్పటికి సాధారణమని మాత్రము ఒప్పుకొనెను.

ఆ అరుగులపై చదువు ఎట్లు సాగెడిదో బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లో విపులముగా వ్రాసెను. ఈయన తెలుగు వ్యాకరణము వ్రాసినవాడు. చూచిన దానిని అర్థము చేసికొనగలవాడు. పిల్లలను వారివారి నేర్పును బట్టి సాధారణముగా నాలుగు తరగతులుగా విభజింతురట. క్రింది తరగతుల వారికి పై తరగతి పిల్లలు చెప్పుదురు. పంతులు పెద్దవారికి చెప్పుచు అందరిపైనను ఒక కన్ను వేసియుండును. అక్షరము మొదట ఇసుకలో వ్రేలితో దిద్దవలెను, పిదప ఆకుపై గంటముతో. ఇసుకలోని గొప్ప గుణమేమనగా, తప్పు ఒక్క చేతి తుడుపుతో పోవును. మందగతి గల పిల్లవాని తప్పునకు సాక్ష్యము మిగులదు. వచ్చినవాడు ముందునకు సాగును, రానివాడు ఆ గుణింతమునే మరల దిద్దును. ఏడాది తుదిని అందరును ఒక్కసారిగా గట్టు దాటవలెనను నియమము లేదు.

ఇంత మెచ్చిన కాంబెలే లోపములను గూడ దాచలేదు. పిల్లలు పద్యములు చిలుకల వలె వల్లించుటయే గాని వాని అర్థమెరుగరనెను. మరియొక వింత ఆచారమును గూడ వ్రాసెను. ఉదయమున మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవ వానికి సున్న. మూడవ వానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవ వానికి రెండు, ఆపైన ఒక్కొక్కటి హెచ్చు. కడపట వచ్చినవాడు నిద్రపోతు అనుకొనుట సులభము. వాడు ఇంట పశువులను విప్పి, నీరు తోడిపోసి వచ్చెనేమో, ఎవరడిగిరి?

పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పు పద్ధతి విదేశములకు గూడ ప్రాకెను. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథబాలుర శరణాలయమునకు అధ్యక్షుడైన ఆండ్రూ బెల్, ఒక వీథిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి దానిని తన బడిలో ప్రవేశపెట్టెను. క్రింది పంతుళ్ళు సహకరింపకపోగా, ఎనిమిదేండ్ల బాలునిచేతనే అక్షరములు చెప్పించెను. 1797లో లండనులో ఆయన పుస్తకము వెలువడిన పిమ్మట ఇది 'మద్రాసు పద్ధతి' యని ప్రసిద్ధి కెక్కెను. కాని పండ్రెండుగురి అరుగుపై పుట్టినది వందలమంది కూర్చుండు శాలలో పడినప్పుడు, అదియొక యంత్రమైనది. ఒక్కొక్క పిల్లవాని నడకను కనిపెట్టుటకై పుట్టిన ఏర్పాటు, చౌకగా చదువు చెప్పు ఉపాయముగ మారెను.

నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చినది. ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు 1880 నుండి ఉపాధ్యాయులు. కొండలలోని సవర పిల్లలకు చదువు రాదనుమాట అప్పుడు లోకాభిప్రాయము. ఆయన వారి భాష తాను నేర్చెను. ఆ భాషలోనే వాచకములు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించెను. బుద్ధి తక్కువ అనుకొన్నచోట భాష వేరు అని కనుగొనుటకు అంతటి శ్రమ పడవలసి వచ్చెను. మన యింటి 'మొద్దు' పిల్లవాని విషయమున మనము అందులో వేయవ వంతు పడుదుమా?

ఇటీవలి కాలమున మదనపల్లె చేరువనున్న ఋషి వ్యాలీ వారు 1980ల నుండి పల్లెబడులలో పాత అరుగు పద్ధతిని క్రొత్తగా దిద్దిరి. ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, అన్ని తరగతుల పిల్లలు. పాఠ్యపుస్తకమును చిన్నచిన్న కార్డులుగా విడదీసి, వానిని నిచ్చెన మెట్లవలె వరుసగా గోడపై చూపిరి. ప్రతి బిడ్డయు తాను ఏ మెట్టున నున్నదో తానే చూచుకొని తన కార్డు తీసికొనును. కొందరు పంతులుతో, కొందరు తోటివారితో, కొందరు ఒంటరిగా పనిచేయుదురు. ఈ పద్ధతిని చూచి ఇతర రాష్ట్రములు గూడ తమ బడులలో ఇటువంటివి నెలకొల్పుకొనెను.

మా యింట నిచ్చెన లేదు. మా అప్ప కలదు. మా ప్రాంతమున అక్కను అట్లే పిలుతురు. మా అమ్మకు అక్షరములు రావు. కనుక అయిదవ తరగతితో బడి మానిన అప్పయే అన్నకును నాకును పంతులు. అన్నకు అక్షరములు నిలువవు గాని లెక్క అతిచురుకు. అప్ప వానిని పెరటిలోని కొబ్బరికాయల కుప్పలు లెక్కింపుమనెడిది. లెక్కను అంకెలలో వ్రాయించి, దాని ప్రక్కన 'కాయలు' అని వ్రాయించెడిది. ఆ ఒక్క మాటతో వానికి దీర్ఘములు పట్టుబడినవి. నాకు కథ చదివి సగములో ఆపివేసి, మిగిలినది చదువుకొమ్మనెడిది. అదే కథకు అన్న బొమ్మ వేయవలెను. ఒక్క లాంతరు చుట్టును మూడు పనులు. అన్న వెనుకబడెనని నా యెదుట ఏనాడును అనలేదు.

ఆ 12 మంది బాలికల లెక్క చదివిన రాత్రి నాకు అప్ప జ్ఞప్తికి వచ్చినది. మాకు పాఠములు ఏర్పరచిన ఆమె తాను ఏమి చదువవలెనో మా యింట ఎవరును తలంపలేదు. మొన్న పండుగకు వెళ్ళినప్పుడు అడిగితిని. "నాకు మరెవరు చెప్పినారురా?" అని నవ్వినది. మరునాడు టెక్కలి పోయి ఆరవ తరగతి తెలుగు వాచకము కొని తెచ్చితిని. కళ్ళజోడు సవరించుకొని, వ్రేలు పెట్టి చదువుచు మొదటి పాఠము ముగించి, పుట మడిచి, రెండవది రేపనినది.