ఛాయాచిత్రణం, క్షణానుభవం: ఒక చారిత్రక పరిశీలన

ఒక దృశ్యాన్ని ఫొటో తీసేవారు ఆ దృశ్యాన్ని నిజంగా చూస్తున్నారా అనే సందేహం ఛాయాచిత్రణం పుట్టిన రోజుల్లో అంతగా లేదు. ఫొటోకు పట్టే సమయం, శ్రమ, ఖర్చు తగ్గిన కొద్దీ ఆ సందేహం బలపడుతూ వచ్చింది.

ఫ్రాన్స్‌లో నిసెఫోర్ నియెప్స్ 1826–27 ప్రాంతంలో తన ఇంటి కిటికీ నుంచి తీసిన చిత్రానికి గంటల తరబడి వెలుతురు అవసరమైంది. 1838లో లూయీ డగేర్ పారిస్‌లోని ఒక రద్దీ వీధిని చిత్రిస్తే, కదిలే జనం, బళ్లు ఏవీ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడిన మనిషి మాత్రం పడ్డాడు. నిలిచి ఉన్నవారికే ఆనాటి ఫొటోలో చోటు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి వెలుతురు తగలాల్సిన వ్యవధిని సెకన్లకు తగ్గించింది. అయితే గాజు పలకకు పూత పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. ఆ రోజుల్లో ఫొటో దిగడమే ఒక వేడుక. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. 1892లో ఆయన హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. ఇలాంటి చోట ఫొటోకూ అనుభవానికీ పోటీ లేదు, ఫొటోయే అనుభవం.

అంతకుముందే, 1871లో రిచర్డ్ మాడాక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడి పలకతో ఈ స్థితి మారడం మొదలైంది. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్ కెమెరాలో 100 ఫొటోలకు సరిపడా ఫిల్ము ఉండేది. మీట నొక్కడం కొన్నవారి పని, కడిగి అచ్చువేయడం కంపెనీ పని. 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ కెమెరా వచ్చింది. దాంతో కెమెరా విహారయాత్రల్లోకి, ఇంటి పండగల్లోకి ప్రవేశించింది.

1925లో అమ్మకానికి వచ్చిన లైకా కెమెరా చేతిలో ఇమిడిపోయింది. దానితో వీధుల్లో తిరిగిన ఆన్రీ కార్టియే-బ్రెసాన్, తన 1952 నాటి పుస్తకంలో ఫొటో తీయడాన్ని తీక్షణమైన ఏకాగ్రతగా వివరించారు. రచయిత్రి సూజన్ సోంటాగ్ 1977లో దీనికి భిన్నమైన వాదన చేశారు: పర్యాటకులు అనుభవానికి ఎదురుపడకుండా కెమెరాను అడ్డు పెట్టుకుంటున్నారని. అయినా 36 ఫొటోల రీలు, కడిగించే ఖర్చు అప్పటికి ఒక హద్దుగా ఉండేవి. ప్రతి ఫొటోకూ ముందు కొంచెం ఆలోచన ఉండేది.

డిజిటల్ యుగం ఆ హద్దును చెరిపేసింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన నమూనా ఒక్క చిత్రాన్ని నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకుంది. 2000లో జపాన్‌లో షార్ప్ కెమెరా ఫోను, 2007లో ఐఫోన్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాయి. ఫొటో ఇక దాచుకునే గుర్తు మాత్రమే కాదు, అక్కడ లేనివారికి అప్పటికప్పుడు పంపే కబురు కూడా.

ఈ మార్పు మనస్తత్వ పరిశోధకులను ఆకర్షించింది. 2014లో లిండా హెంకెల్ ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియం వస్తువులను ఫొటో తీసినవారికి, చూసి ఊరుకున్నవారి కంటే తక్కువ గుర్తున్నాయి. ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం జ్ఞాపకం తగ్గలేదు. 2016లో క్రిస్టిన్ డీల్ బృందం, ఫొటో తీయడం లీనతను పెంచి చాలా సందర్భాల్లో ఆనందాన్ని హెచ్చిస్తుందని తేల్చింది. 2017లో అలిక్సాండ్రా బరాష్ బృందం, ఫొటోలు తీసేవారికి చూసినవి బాగా గుర్తుండి, విన్నవి తగ్గుతాయని చూపింది.

సంస్థలు, కళాకారులు కూడా హద్దులు గీశారు. తిరుమల ఆలయంలోకి సెల్‌ఫోన్లు, కెమెరాలు అనుమతించరు. 2014లో లండన్ కచేరీలకు వచ్చే అభిమానులను గాయని కేట్ బుష్ ఫొటోలు, వీడియోలు తీయవద్దని ముందుగానే కోరారు.

ఈ చరిత్రనూ పరిశోధనలనూ కలిపి చూస్తే, చూపును నిలిపే ఫొటో అనుభవానికి తోడవుతుంది, చూపుకు బదులుగా తీసే ఫొటో దాన్ని పలచబరుస్తుంది. ఒకప్పుడు పలక, రీలు, ఖర్చు విధించిన నిగ్రహాన్ని ఇప్పుడు తీసేవారే పాటించాలి.